గుడ్డు, పాలు, వెన్న లేకుండా కేకులు, కుకీలు, పళ్ళ డెజర్ట్‌లు ఇంట్లో ఎలా చేస్కోవాలి

వీగన్ బేకింగ్, అంటే జంతువుల నుంచి వచ్చేవేవీ వాడకుండా చేసే బేకింగ్, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువమంది ఏం చేస్తారంటే, బాగా ఇష్టమైన మామూలు కేక్ రెసిపీ ఒకటి తీస్కుని, గుడ్డు బదులు ఒకటి, పాల బదులు ఇంకోటి, వెన్న బదులు మరోటి వేసేసి ఓవెన్‌లో పెట్టేస్తారు, అది పొంగక లోపల బంకబంకగా వస్తే వీగన్ కేకులంటే ఇంతేలే అనుకుని అక్కడితో ఆపేస్తారు. అలా ఆపేశామని ఎవరైనా చెప్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే తప్పు వాళ్ళ చేతిలో లేదు, మొదలుపెట్టిన చోటే సరిగ్గా లేదు, అంతే.

గుడ్డు బదులు ఏం వెయ్యాలి అనే ప్రశ్న కన్నా ముందు, ఈ రెసిపీలో గుడ్డు ఏం పని చేస్తోంది అని చూస్కోవాలి. ఒక చోట అది పిండిని విడిపోకుండా పట్టి ఉంచుతుంది, ఒక చోట గాలి పట్టుకుని పొంగిస్తుంది, ఒక చోట నూనెని నీళ్ళని కలిపి ఉంచుతుంది, కొన్ని చోట్ల ఉత్త తడి కోసమే ఉంటుంది, రంగు కూడా దాన్నుంచే వస్తుంది. ఈ పనులన్నీ ఒక్కటే చేసిపెట్టే వస్తువు వేరే లేదు, కానీ ఒక్కో పని చేసేవి మాత్రం బోలెడున్నాయి. ఆ పని ఏంటో తెలిస్తే మిగతాదంతా తేలికైపోతుంది, ఈ రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కొలతల గురించి ముందే చెప్పేస్తా. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ 15, టీస్పూన్ 5. కానీ వీలుంటే చిన్న వంటింటి తూకం మెషీన్ ఒకటి కొనుక్కోండి, ఎందుకంటే మైదా కప్పులో నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా చెంచాతో పోస్తే ఇంకో బరువు, ఆ తేడాతోనే కేక్ ఎండిపోతుంది. నేను ఇక్కడ రాసే లెక్కల్లో కప్పు మైదా అంటే సుమారు 125 గ్రాములు, కప్పు పంచదార 200 గ్రాములు. ఓవెన్ ఏదైనా సరే ముందు పూర్తిగా వేడెక్కనివ్వాలి, ఇక్కడి డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే, డయల్ మీద 180 అని ఉన్నంత మాత్రాన లోపల 180 ఉంటుందని నమ్మకండి, ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్ చిన్నది ఒకటి ఉంటే చాలా అయోమయం పోతుంది.

మొదటి కేక్‌గా అసలు గుడ్డు అవసరమే లేని కేక్ చెయ్యండి

అలాంటిది ఒకటి ఉంది, దాన్ని వాకీ కేక్ అంటారు, 1930ల ఆర్థిక మాంద్యం రోజులతోనూ రెండో ప్రపంచ యుద్ధం నాటి రేషన్‌తోనూ ముడిపడిన అమెరికా కేక్ ఇది, గుడ్లూ పాలూ వెన్నా దొరకనప్పుడు ఇళ్ళల్లో ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నవాటితో చేసుకున్నది. అది ఇన్నాళ్ళైనా నిలబడిందంటే రుచి వల్లే, ఏదో లేదు కాబట్టి సర్దుకుని తినే కేక్ కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి కేక్ నాకు తెలీదు.

190 గ్రాముల మైదా, 200 గ్రాముల పంచదార, 25 గ్రాముల దాకా తియ్యదనం లేని కోకో పౌడర్, 1 టీస్పూన్ వంటసోడా, అర టీస్పూన్ ఉప్పు, ఇవన్నీ ఒక గిన్నెలోకి జల్లించుకోండి, కోకోలో ఉండలుంటాయి కాబట్టి జల్లించడం మానొద్దు. ఇంకో గిన్నెలో 240 మిల్లీ నీళ్ళు, 80 మిల్లీ వాసన లేని నూనె, 1 టేబుల్ స్పూన్ వెనిగర్, 1 టీస్పూన్ వెనిల్లా కలపండి. ఓవెన్ 180 డిగ్రీలకి వేడయ్యాక మాత్రమే ఈ తడిదాన్ని పొడిదాంట్లో పొయ్యండి, ముందే కలిపి పక్కన పెట్టుకోకండి. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేసి, పిండి పోసి, 30 నుంచి 35 నిమిషాలు. మధ్యలో టూత్‌పిక్ గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి, రెండు మూడు చిన్న పొడి ముక్కలు అంటితే ఫర్వాలేదు.

ఎందుకు ముందే కలపొద్దన్నానంటే, వెనిగర్‌లోని ఆమ్లం సోడాని తాకగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు మొదలైపోతాయి, ఈ కేక్‌ని పొంగించేది ఎక్కువగా అవే. గిన్నెలో పది నిమిషాలు వదిలేస్తే ఆ గ్యాస్ కొంత బయటికి పోతుంది, ఓవెన్‌లోకి వెళ్ళేసరికి పిండిలో బలం తగ్గిపోతుంది. కోకో కూడా కొంచెం ఆమ్లమే, మామూలు నేచురల్ కోకో ఐతే సోడాతో బాగా కలుస్తుంది, డచ్ ప్రాసెస్ అని రాసున్న కోకోలో ఆ ఆమ్లాన్ని ముందే తీసేస్తారు కాబట్టి రంగు ముదురుగా ఉంటుంది గానీ సోడాకి సాయం చెయ్యదు. ఈ కేక్‌కి నేచురల్ కోకోనే వాడండి. వెనిగర్ వాసన వస్తుందేమో అని చాలామంది భయపడతారు, కేక్ కాలాక ఆ వాసన ఏమీ ఉండదు.

కలపడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే వీగన్ కేక్ బాగా రాకపోతే నేను మొట్టమొదట అనుమానించేది దీన్నే. మైదాకి తడి తగిలి కలుపుతూ పోతే గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఏర్పడుతుంది, రొట్టెకి అది కావాలి, కేక్‌కి అక్కర్లేదు. మామూలు కేక్‌లో గుడ్డు సొనలోని కొవ్వు, వెన్న ఆ గట్టిదనాన్ని కొంత కప్పిపెడతాయి, ఇక్కడ అవి లేవు కాబట్టి ఎక్కువ కలిపితే వెంటనే తెలిసిపోతుంది, కేక్ రబ్బరులా సాగుతుంది, కోస్తే లోపల సొరంగాల్లాంటి పొడుగు రంధ్రాలు కనిపిస్తాయి. పొడి పిండి తెల్లగా కనపడ్డం ఆగిపోయిందంటే గరిటె పక్కన పెట్టేయండి, చిన్న చిన్న ఉండలుంటే ఉండనివ్వండి, ఎలక్ట్రిక్ బీటర్ ఈ కేకుల జోలికే తీస్కురావద్దు.

వెనిల్లా కేక్ కావాలంటే కోకో తీసేసి అదే రెసిపీ చేస్తే సరిపోదు, సోడా ఎక్కువై సబ్బు రుచి వచ్చే అవకాశం ఉంది, కోకో ఉన్నప్పుడు అది తెలీదు. దానికి 250 గ్రాముల మైదా, 200 గ్రాముల పంచదార, 2 టీస్పూన్లు బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంటసోడా, అర టీస్పూన్ ఉప్పు తీస్కోండి. 240 మిల్లీ సోయా పాలలో 1 టేబుల్ స్పూన్ నిమ్మరసం కానీ వెనిగర్ కానీ కలిపి ఐదు నిమిషాలు వదిలేస్తే విరిగి చిక్కబడుతుంది, అందులో 80 మిల్లీ నూనె, 2 టీస్పూన్లు వెనిల్లా కలిపి పొడి పిండిలో పొయ్యండి. 20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్‌లో 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. మొదటి 25 నిమిషాలు ఓవెన్ తలుపు తెరవొద్దు, ఇంకా గట్టిపడని కేక్‌కి చల్లగాలి తగిలితే నడుమ కుంగిపోతుంది.

ఇక్కడ సోయా పాలే ఎందుకంటే, మొక్కల నుంచి వచ్చే పాలల్లో ప్రోటీన్ విషయంలో ఆవుపాలకి బాగా దగ్గరగా ఉండేవాటిలో అదొకటి, అందుకే పులుపు పడితే విరుగుతుంది, కేక్ లోపల నిర్మాణానికీ పై రంగుకీ పనికొస్తుంది. బాదం పాలు పల్చగా ఉంటాయి, ఓట్స్ పాలు మెత్తగా కొంచెం తియ్యగా ఉంటాయి, రెండూ పనిచేస్తాయి గానీ సోయా పాలంత బాగా విరగవు, విరగలేదని కంగారు పడకండి, ఆ పులుపు సోడాకి ఎలాగూ అందుతుంది. ఏవి కొన్నా పంచదార కలపనివి కొనండి, లేకపోతే తీపి లెక్క మారిపోతుంది.

గుడ్డు బదులు వాడేవి, వేటికి ఏది

అవిసె గింజల పొడి 1 టేబుల్ స్పూన్, నీళ్ళు 3 టేబుల్ స్పూన్లు, కలిపి ఓ పది నిమిషాలు పక్కన పెడితే జిగురుగా అవుతుంది, ఒక గుడ్డు లెక్క. ఇది పట్టి ఉంచుతుంది, అంతవరకే, పొంగించదు. కాబట్టి కుకీలు, మఫిన్లు, బ్రౌనీలు లాంటివాటికి చాలా బాగుంటుంది, మెత్తటి తెల్ల కేక్‌కి వేస్తే గోధుమరంగు చుక్కలూ ఒకలాంటి గింజ రుచీ వస్తాయి. పొడి చేసిపెట్టుకుంటే అవిసె తొందరగా ముక్క వాసన వస్తుంది, అందుకని గింజలుగా ఉంచుకుని కావాల్సినప్పుడు పొడి కొట్టుకోండి, లేదంటే పొడిని ఫ్రీజర్‌లో పెట్టండి. పొడి ఎంత మెత్తగా ఉంటే జిగురు అంత బాగా వస్తుంది. చియా గింజలూ ఇదే కొలతకి పనిచేస్తాయి.

బాగా పండిన అరటిపండు గుజ్జు పావు కప్పు, లేదా పంచదార లేని ఉడికించిన యాపిల్ గుజ్జు పావు కప్పు, ఇవి కూడా ఒక గుడ్డు లెక్కే కానీ వీటి పని తడి. అరటిపండు వేస్తే అరటిపండు రుచి వస్తుంది, దాన్ని దాచడం కుదరదు, కాబట్టి ఆ రుచి కావాలనుకునే కేక్‌లోనే వెయ్యండి. మూడు గుడ్ల బదులు ముప్పావు కప్పు గుజ్జు పోస్తే అడుగున జిగట పొర ఒకటి ఏర్పడి అది ఎంతసేపు కాల్చినా పోదు. ఒకటి రెండు గుడ్లున్న రెసిపీల్ని ఇలా మార్చుకోవచ్చు, నాలుగైదు గుడ్లు గిలక్కొట్టి ఆ నురగతోనే పొంగించే స్పాంజ్ కేకులు, షిఫాన్ కేకుల్ని మాత్రం మార్చే ప్రయత్నం చెయ్యకండి, వాటికి గుడ్డే ప్రాణం, ఆ కోరిక వేరే మంచి కేక్‌తో తీర్చుకోండి.

రంగు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. గుడ్డూ పాలూ లేకపోతే పైన ఆ బంగారు రంగు అంతగా రాదు, కేక్ పాలిపోయినట్టు కనపడుతుంది, దాన్ని చూసి ఇంకా కాలలేదు అనుకుని పది నిమిషాలు ఎక్కువ ఉంచితే ఎండిపోతుంది. రంగు చూడకండి, టూత్‌పిక్ చూడండి, వేలితో మెల్లిగా నొక్కితే మళ్ళీ పైకి లేస్తోందా చూడండి, అంచులు టిన్ నుంచి కాస్త విడివడ్డాయా చూడండి. టార్ట్ (పైన మూత లేని పై లాంటిది) అంచులకి రంగు కావాలంటే ఓవెన్‌లో పెట్టేముందు సోయా పాలు బ్రష్‌తో రాస్తే సరిపోతుంది.

కొవ్వు సంగతి. మామూలు వెన్నలో 80 శాతం దాకా కొవ్వు, మిగతాది ఎక్కువగా నీళ్ళే. అందుకని వెన్న బదులు నూనె వాడేటప్పుడు ముప్పావు వంతు చాలు, 100 గ్రాముల వెన్నకి 75 నుంచి 80 గ్రాముల నూనె, పిండి మరీ పొడిగా అనిపిస్తే ఒక చెంచా రెండు చెంచాల సోయా పాలు. కేకులకి నూనె వెన్నకన్నా మేలని నా అభిప్రాయం, చల్లబడినా గడ్డకట్టదు కాబట్టి మర్నాటికీ మెత్తగా ఉంటుంది. కుకీలకి, టార్ట్ పిండికి మాత్రం గట్టిగా ఉండే కొవ్వు కావాలి, అక్కడ వీగన్ బటర్, అంటే మొక్కల నూనెలతో చేసిన వెన్న లాంటిది, వాడండి, డబ్బాలో వచ్చే మెత్తటిది కాకుండా కడ్డీలా గట్టిగా వచ్చేది, మెత్తటిదాంట్లో నీళ్ళు ఎక్కువ. కొబ్బరి నూనె 24 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, అంటే వంటిల్లు వేడిగా ఉంటే అది నూనె, చల్లగా ఉంటే గడ్డ. కరిగించిన కొబ్బరి నూనెలో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోస్తే వెంటనే తెల్లటి ముక్కలుగా గడ్డకట్టేస్తుంది, పాలు ముందు గోరువెచ్చగా చేస్కోండి.

కుకీలు

కుకీల్లో కూడా గుడ్డు అక్కర్లేనిదాంతోనే మొదలుపెట్టండి, అది షార్ట్‌బ్రెడ్. ఒక వంతు పంచదార, రెండు వంతులు కొవ్వు, మూడు వంతులు మైదా, అన్నీ బరువులోనే, అంటే 60 గ్రాముల పంచదార, 120 గ్రాముల వీగన్ బటర్, 180 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు. బటర్, పంచదార కలిపి మెత్తగా చేసి, మైదా వేసి వేళ్ళతో ముద్దగా దగ్గరికి తెచ్చి, పిసక్కుండా వత్తి, ముక్కలు కోసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 160 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు. ఇందులో దాక్కోడానికి ఏమీ లేదు, వీగన్ బటర్ రుచి బాగుంటే కుకీ బాగుంటుంది, అందుకని ఇక్కడ మాత్రం మంచిది కొనండి.

చాక్లెట్ చిప్ కుకీ ఐతే గుడ్డు పట్టి ఉంచే పనీ తడి పనీ చేస్తుంది, ఆ రెండూ సోయా పాలతోనే అయిపోతాయి. మెత్తగా ఉన్న కానీ కరగని కొబ్బరి నూనె 100 గ్రాములు, బ్రౌన్ షుగర్ 100 గ్రాములు, తెల్ల పంచదార 50 గ్రాములు బాగా గిలక్కొట్టండి, అందులో గోరువెచ్చని సోయా పాలు 60 మిల్లీ, వెనిల్లా 1 టీస్పూన్. తర్వాత మైదా 190 గ్రాములు, వంటసోడా అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, చివర్లో పాలు లేని డార్క్ చాక్లెట్ ముక్కలు 120 గ్రాములు. బ్రౌన్ షుగర్ తగ్గించొద్దు, అందులోని మొలాసిస్ (చెరకు మడ్డి) తడిని పట్టి ఉంచుతుంది, నమిలితే సాగే గుణం దాన్నుంచే వస్తుంది, దాని ఆమ్లం సోడాకీ పనికొస్తుంది.

ఈ ముద్దని కనీసం అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి, రాత్రంతా పెడితే ఇంకా మంచిది, ఎందుకంటే కొవ్వు గట్టిపడితే ఓవెన్‌లో కుకీ మెల్లిగా పరుచుకుంటుంది, పిండికి తడి బాగా పడుతుంది, రుచి కూడా కుదురుకుంటుంది. తర్వాత ఉండలు చేసి, ఎడం ఎడంగా పెట్టి, కొంచెం అదిమి, 175 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు. అంచులు గట్టిపడి మధ్యలో ఇంకా పచ్చిగా మెత్తగా ఉందేంటి అనిపించినప్పుడే తీసెయ్యాలి, వేడి ట్రే మీద ఇంకో పది నిమిషాలు అది కాలుతూనే ఉంటుంది. బాగా పరుచుకుపోయి పల్చగా వస్తున్నాయంటే ముద్ద చల్లగా లేదు లేదా ట్రే వేడిగా ఉంది, అసలు పరుచుకోకుండా ఉండలుగానే ఉండిపోతే మైదా ఎక్కువైంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. గుడ్డు లేదు కదా పచ్చి ముద్ద తినొచ్చు అని పిల్లలకి పెట్టేస్తుంటారు. పచ్చి మైదా కూడా వేడి చెయ్యనిదే, అందులో ఇ.కోలై (E. coli), సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు, దానివల్ల జనం జబ్బుపడ్డ సందర్భాలున్నాయి. గిన్నె నాకడం సరదానే, ఐనా కాలినాకే పెట్టండి.

పంచదార కూడా వద్దనుకుంటే, బాగా మచ్చలొచ్చిన అరటిపళ్ళు రెండు మెదిపి, కప్పున్నర ఓట్స్, గుప్పెడు కిస్‌మిస్, కాస్త దాల్చినచెక్క పొడి కలిపి, చెంచాతో ట్రే మీద పెట్టి 175 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు కాలిస్తే అయిపోయింది, కరకరలాడవు, మెత్తగా ఉంటాయి, పొద్దున్నే తినడానికి బాగుంటాయి.

పళ్ళ డెజర్ట్‌లు

నన్నడిగితే వీగన్ బేకింగ్‌లో అసలైన ఆనందం ఇక్కడే ఉంది, పండుకి గుడ్డుతో పనిలేదు, మనం దేన్నీ దేంతోనూ మార్చనక్కర్లేదు. యాపిల్ క్రంబుల్ చూడండి. 800 గ్రాముల యాపిల్స్ తొక్క తీసి మరీ పల్చగా కాకుండా ముక్కలు కోసి, 1 టేబుల్ స్పూన్ నిమ్మరసం, 3 టేబుల్ స్పూన్ల పంచదార, 1 టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్, 1 టీస్పూన్ దాల్చినచెక్క పొడి కలిపి బేకింగ్ డిష్‌లో పరవండి. పైపొరకి 120 గ్రాముల మైదా, 90 గ్రాముల ఓట్స్, 100 గ్రాముల బ్రౌన్ షుగర్, చిటికెడు ఉప్పు, 80 గ్రాముల కొబ్బరి నూనె లేదా 100 గ్రాముల వీగన్ బటర్ వేళ్ళతో కలపండి, కొన్ని పెద్ద ముక్కలు కొన్ని చిన్నవి ఉండాలి, పొడి పొడిగా ఐపోతే ఒక చెంచా నీళ్ళు చల్లండి. 190 డిగ్రీల దగ్గర 40 నిమిషాల పైమాటే.

ఎప్పుడు తియ్యాలంటే పైన రంగొచ్చినప్పుడు కాదు, అంచుల్లోంచి రసం బుడబుడా ఉడుకుతూ బుడగలు చిక్కగా కనపడ్డప్పుడు. కార్న్‌ఫ్లోర్ చిక్కబడాలంటే రసం దాదాపు మరిగే వేడికి రావాలి, ముందే తీసేస్తే రసం నీళ్ళగా, తెల్లగా, పచ్చి పిండి రుచితో ఉంటుంది. పైభాగం ముందే మాడేలా ఉంటే ఫాయిల్ కప్పండి. తీశాక ఓ అరగంట ఆగితే రసం ఇంకా చిక్కబడుతుంది, ఆ ఆగడం కష్టమే ఐనా ఆగండి. బెర్రీలు, ప్లమ్స్, పీచ్ లాంటి రసం ఎక్కువున్న పళ్ళకి కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్ స్పూన్లు చేస్కోండి, ఫ్రోజెన్ పళ్ళైతే కరగనివ్వకుండా అలాగే వేసేసి టైం పది నిమిషాలు పెంచండి.

పళ్ళ జెల్లీ కావాలంటే జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది కాబట్టి దాని బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడాలి. ఒక కప్పు రసానికి సుమారు 1 టీస్పూన్ పొడి వేస్తే కోస్తే ముక్కలొచ్చేంత గట్టిగా గడ్డకడుతుంది, మెత్తగా వణికేలా కావాలంటే సగం చాలు. దీన్ని చల్లటి రసంలో కలిపి, మరిగించి, మరిగాక కూడా రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉడికించాలి, ఉత్త వేడి నీళ్ళలో కలిపితే కరగదు. గడ్డకట్టడానికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, 40 డిగ్రీల లోపుకి చల్లారుతుంటేనే గట్టిపడిపోతుంది, కాబట్టి పళ్ళ ముక్కలన్నీ ముందే కోసి అచ్చులో సిద్ధంగా పెట్టుకోండి. పచ్చి పైనాపిల్, కివీ వేస్తే జెలటిన్ గడ్డకట్టదు, వాటిల్లోని ఎంజైములు ప్రోటీన్‌ని కరిగించేస్తాయి, అగర్ ప్రోటీన్ కాదు కాబట్టి ఆ బెడద లేదు. నిమ్మరసం లాంటి బాగా పుల్లటివి మాత్రం స్టవ్ ఆపాక కలపండి, పులుపులో ఎక్కువసేపు మరిగితే అగర్ బలం తగ్గుతుంది.

ఇంక అరటిపండు ఐస్‌క్రీమ్ చెప్పనక్కర్లేదు, పండిన అరటిపండు చక్రాలుగా కోసి ఫ్రీజ్ చేసి మిక్సీలో ఆగి ఆగి తిప్పడమే, మొదట పొడిపొడిగా అవుతుంది, ఇంకా తిప్పితే ఉన్నట్టుండి నున్నగా మారిపోతుంది.

శనగల నీళ్ళ నురగ

కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలా నురగ వస్తుందని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ సంగీతకారుడు చూపించాడు, 2015లో అమెరికాకి చెందిన గూస్ వోల్ట్ ఆ నీళ్ళూ పంచదారా ఉంటే చాలు మెరాంగ్ (మామూలుగా తెల్లసొన, పంచదార గిలక్కొట్టి చేసే కరకరలాడే మిఠాయి) వస్తుందని తేల్చి దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టాడు. అప్పటిదాకా వీగన్‌లకి మెరాంగ్ దాదాపు అందని వస్తువే, పారబోసే నీళ్ళలో ఇది దొరకడం నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఉప్పు లేని క్యాన్ శనగల నీళ్ళు 120 మిల్లీ తీస్కోండి, ఇంట్లో ఉడికించినవైతే ఆ నీళ్ళు తెల్లసొనలా జారేంత చిక్కబడేదాకా మరిగించి చల్లార్చాలి. పావు టీస్పూన్ క్రీమ్ ఆఫ్ టార్టార్ (నురగ నిలబడడానికి వేసే పుల్లటి పొడి) వేసి ఎలక్ట్రిక్ బీటర్‌తో కొట్టండి, నురగ తెల్లగా నిలబడ్డాక మెత్తటి పంచదార 120 నుంచి 150 గ్రాములు చెంచా చెంచాగా వేస్తూ మొత్తం పది పదిహేను నిమిషాలు కొట్టాలి, తెల్లసొనకన్నా ఎక్కువసేపు పడుతుంది కాబట్టి మధ్యలో ఆశ వదులుకోకండి. గిన్నెకి నూనె జిడ్డు ఉండకూడదు, ప్లాస్టిక్ గిన్నె వద్దు. చిన్న చిన్న కుప్పలుగా పెట్టి 100 డిగ్రీల దగ్గర గంటన్నర నుంచి రెండు గంటలు ఆరనిచ్చి, ఓవెన్ ఆపేసి లోపలే చల్లారనివ్వండి, తర్వాత వెంటనే గాలి చొరని డబ్బాలో పెట్టండి, గాలిలో తేమ తగిలితే అంటుకుపోతాయి. కేక్‌లో, కుకీలో గుడ్డు బదులు ఐతే కొట్టకుండానే 3 టేబుల్ స్పూన్లు ఒక గుడ్డు లెక్క.

కేక్ పైన పూయడానికి క్రీమ్ కావాలంటే చిక్కటి కొబ్బరి పాల క్యాన్ రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, కదిలించకుండా తెరిచి, పైన గట్టిపడిన మీగడ మాత్రం తీసి కాస్త పంచదార పొడి వేసి గిలక్కొట్టండి. గనాష్ అనే చాక్లెట్ క్రీమ్‌కి ఐతే అదే కొబ్బరి మీగడ వేడి చేసి సమాన బరువు డార్క్ చాక్లెట్ ముక్కల మీద పోసి రెండు నిమిషాలాగి కలపండి. కొబ్బరి మీగడ రాసిన కేక్ బయట పెట్టకండి, ఎండాకాలమైతే మరీ, కారిపోతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి

డార్క్ చాక్లెట్ అని రాసున్నంత మాత్రాన పాలు లేవని కాదు, వెనక చదవండి. వే (whey), కేసీన్, లాక్టోజ్, మిల్క్ సాలిడ్స్ అంటే పాలు, ఆల్బుమిన్ అంటే చాలావరకు గుడ్డు. నాన్ డైరీ అని ముందు పెద్దగా రాసి వెనక సోడియం కేసినేట్ అని ఉండే క్రీమర్లున్నాయి. కొన్ని మార్జరిన్లలో (నూనెలతో చేసే వెన్న లాంటివి) పాల పొడి ఉంటుంది. కేకుల మీద చల్లే రంగు పూసలకి మెరుపు కోసం షెల్లాక్, ఎరుపు కోసం కార్మైన్ (E120 అని కూడా రాస్తారు) వాడతారు, రెండూ పురుగుల నుంచి వచ్చేవే. కొన్ని దేశాల్లో చెరకు పంచదారని ఎముకల బొగ్గుతో వడకడతారు, అది పట్టించుకునేవాళ్ళు వీగన్ అని రాసున్నదో, బీట్ పంచదారో తీస్కుంటారు, బీట్ పంచదారకి ఆ పద్ధతి వాడరు. తేనె కూడా వీగన్ కాదు, దాని బదులు మేపుల్ సిరప్ వేస్కోవచ్చు, కొంచెం పల్చగా ఉంటుంది అంతే.

ఎవరికైనా పాల ఎలర్జీ ఉందని వాళ్ళకోసం చేస్తుంటే ఇంకో జాగ్రత్త కావాలి. వీగన్ అని రాసున్న చాక్లెట్ మీదే పాల ఆనవాళ్ళు ఉండొచ్చు అని కూడా ఉంటుంది, వీగన్ తినేవాళ్ళకి అది ఫర్వాలేదనిపించొచ్చు, ఎలర్జీ ఉన్న పిల్లాడికి మాత్రం ప్రమాదమే, అడక్కుండా పెట్టొద్దు. బాదం పాలు, సోయా కూడా కొంతమందికి పడవు, అందుకని ఎవరికి పెట్టినా ఏమేం వేశారో చెప్పి పెట్టండి.

నిల్వకి వస్తే, నూనె కేకులు మూత పెట్టి బయటుంచితే రెండు మూడు రోజులు మెత్తగా ఉంటాయి, చాక్లెట్ కేక్ ఐతే రెండో రోజు ఇంకా బాగుంటుంది. పళ్ళ గుజ్జు వేసినవి తొందరగా బూజు పడతాయి కాబట్టి వేడి వాతావరణంలో ఫ్రిజ్‌లో పెట్టండి, తినే ముందు కాసేపు బయట ఉంచితే మెత్తబడతాయి. కుకీ ముద్దని ఉండలు చేసి ట్రే మీద గడ్డకట్టించి కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు హాయిగా ఉంటుంది, కవర్ మీద తేదీ, ఓవెన్ వేడి రాసిపెట్టుకోండి, ఎవరైనా వచ్చినప్పుడు కావాల్సినన్ని తీసి కరగనివ్వకుండానే ఓవెన్‌లో పెట్టి మామూలు టైంకి రెండు నిమిషాలు కలిపితే సరిపోతుంది.